‘ఎఫ్’ అనే ఒక్క అక్షరం: పెళ్లి వీడియోలకూ ఆటలకూ కలిపి ఒకే కంప్యూటర్

భీమవరం దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒక స్టూడియోలో నాలుగేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నారు. ఇకమీదట ఇంటి దగ్గరే సొంతంగా పనులు ఒప్పుకోవాలని అనుకుంటున్నారు. కెమెరా సోనీది, 4కెలో, ‘ఎక్స్‌ఏవీసీ’ అనే ఫార్మాట్‌లో తీస్తారు. ఎడిటింగ్ ఎక్కువగా ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్‌లోను, అప్పుడప్పుడు ప్రీమియర్ ప్రోలోను చేస్తారు. ఇంటర్ చదువుతున్న తమ్ముడు అదే సిస్టమ్‌లో వాలరెంట్, జీటీఏ 5 ఆడుకుంటానని పట్టుబడుతున్నాడు. మానిటర్‌తో సహా 80 వేల రూపాయలకు మించకూడదు. ఆయన రెండు షాపుల కొటేషన్లు జతచేశారు. మొదటిది 55 వేలు: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్‌తో (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బాతో) కూడిన గేమింగ్ క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్. రెండోది 74 వేలు: ఐ5-12400ఎఫ్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ కార్డు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 24 అంగుళాల మానిటర్. “ఐ7 ఉన్నది చవకగా వస్తుంటే ఐ5కి 19 వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలి?” అన్నది ఆయన ప్రశ్న. 80 వేలను దేనికి ఎంత పంచుకోవాలో కూడా అడిగారు.

మొదటి కొటేషన్‌ను పక్కన పెట్టేయండి. రెండోదాన్ని మాత్రం పారేయకండి. అందులో రెండు పెద్ద మార్పులు, మరికొన్ని చిన్న మార్పులు చేయించుకుంటే మీ పనికి సరిపోయే సిస్టమ్ తయారవుతుంది. ఆ మార్పులు ఎందుకో తెలియకుండా షాపుకు వెళితే “అదీ ఇదీ ఒకటే సార్” అన్న మాట దగ్గర మీరు ఆగిపోతారు కాబట్టి, కారణాలను కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఐ7 సంగతి చూద్దాం. ఐ7 అనేది పూర్తి పేరు కాదు, ఇంటిపేరు మాత్రమే. 2008 నుంచి ఆ ఇంటిపేరుతో ఎన్నో తరాల ప్రాసెసర్లు వచ్చాయి. మీ కొటేషన్‌లో నంబరు రాయలేదు గాని, ర్యామ్ దగ్గర ‘డీడీఆర్3’ అని రాయడంతోనే గుట్టు బయటపడింది. డీడీఆర్3తో వచ్చే ఐ7 దాదాపుగా నాలుగో తరానిదో, అంతకు ముందుదో అయి ఉంటుంది. నాలుగో తరంలోని ఐ7-4770 విడుదలైంది 2013లో. దానికి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022 జనవరిలో వచ్చిన ఐ5-12400కు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఒక్కో కోరు చేసే పని కూడా పాతదానికంటే చాలా ఎక్కువ. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ నాలుగో తరం చిప్పులలో హెచ్.265 పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే హార్డ్‌వేరు లేనే లేదు. మీ కెమెరా ఫైలు అలాంటిదైతే, దాన్ని టైమ్‌లైన్ మీద పెట్టగానే ప్రాసెసర్ నూరు శాతానికి చేరి, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పైగా విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పనిచేస్తుంది. విండోస్ 10కు ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ తెరుచుకోవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాలి. అంటే ఆ 55 వేల సిస్టమ్ మీకూ పనికిరాదు, మీ తమ్ముడికీ పనికిరాదు. ‘4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’ అన్నదీ ఇలాంటిదే: 2014 నాటి జీటీ 730కి కూడా 4 జీబీ రకం ఉంది. ఎన్ని జీబీలు అన్నది కార్డు శక్తిని చెప్పదు, దాని నంబరే చెబుతుంది.

పేరు సగమే చెప్పడం షాపువాళ్ల తప్పు మాత్రమే కాదని మీరు నొచ్చుకోకుండా చెప్పాలి. మీ ఉత్తరంలో కూడా కెమెరా ఫార్మాట్ పేరు సగమే ఉంది. సోనీ కెమెరాల మెనూలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అని ఒకటి, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అని ఒకటి ఉంటాయి. మొదటిది హెచ్.264, రెండోది హెచ్.265. దాని కిందనే 8 బిట్టా 10 బిట్టా, 4:2:0నా 4:2:2నా అన్న ఎంపిక ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉండాలన్నది నిజానికి ఆ మెనూలో తేలుతుంది. కొనేవాళ్లు ఎక్కువమంది భాగాలతో మొదలుపెట్టి ఫైలు దగ్గరికి వస్తారు. ఎడిటింగ్ చేసేవాళ్లు ఫైలుతో మొదలుపెట్టి భాగాల దగ్గరికి రావాలి.

ఆ అంకెల అర్థం ఇది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 10 బిట్‌లో 1,024 ఉంటాయి. మండపం లైట్ల వెలుగులో పసుపు బట్టలు, పట్టుచీర జరీ, పెళ్లికూతురి ముఖం మూడూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు, రంగు సరిదిద్దే సమయంలో ఆ అదనపు మెట్లు ఎంత ఆదుకుంటాయో నాలుగేళ్లు ఎడిటింగ్ చేసిన మీకు నేను చెప్పనవసరం లేదు. 4:2:2 అంటే వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉండి, రంగు సమాచారం అడ్డంగా సగానికి తగ్గుతుంది. 4:2:0లో అది నిలువుగా కూడా సగమవుతుంది. ఫోన్లలో, మామూలు కెమెరాలలో ఎక్కువగా కనిపించేది 4:2:0. దాన్ని ఈ కాలపు ఏ గ్రాఫిక్స్ కార్డయినా సులువుగా విప్పుతుంది. చిక్కంతా 10 బిట్ 4:2:2 దగ్గరే ఉంది. హెచ్.265లోని 4:2:2ను విప్పే హార్డ్‌వేరు ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో పదకొండో తరం నుంచి ఉంది. ఎన్విడియా కార్డులలో అది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి వరకు రాలేదు. అంటే లక్ష రూపాయలు పెట్టి కొన్న ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి కార్డు చేయలేని పనిని, ఐ5-12400లో చిన్న మూలన కూర్చున్న గ్రాఫిక్స్ చేస్తుంది. ఇంటెల్ ఈ సదుపాయాన్ని క్విక్ సింక్ అంటుంది. 2011లో రెండో తరం ప్రాసెసర్లతో అది మొదలైంది. హెచ్.264లోని 10 బిట్ 4:2:2ను, అంటే ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో తీసినదాన్ని, ఈ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ కూడా విప్పలేదు; అక్కడ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. ఫైలు చిన్నదిగా ఉండే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ బరువైనదని, ఎస్ తేలికైనదని ఎడిటర్లలో పాత నమ్మకం ఒకటి ఉంది. సరైన హార్డ్‌వేరు ఉంటే సంగతి తలకిందులవుతుంది.

ఇక మీ రెండో కొటేషన్‌లోని ఐ5-12400ఎఫ్ దగ్గరికి వద్దాం. ఇంటెల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవని అర్థం. వెల కొంచెం తగ్గుతుంది. విడిగా కార్డు పెడుతున్నాం కదా, అది ఎందుకులే అని షాపువాళ్లు దాన్నే సూచిస్తారు. ఆటలు మాత్రమే ఆడేవారికి అది మంచి సలహాయే. మీకు మాత్రం అది మీ పనికి పునాదిని తీసేయడం అవుతుంది, ఎందుకంటే క్విక్ సింక్ ఉండేది ఆ సొంత గ్రాఫిక్స్‌లోనే. ప్రీమియర్ ప్రో దాన్ని బాగా వాడుకుంటుంది. మన దగ్గర పెళ్లి వీడియోలు చేసేవాళ్లు ఇష్టపడే ఎడియస్ అయితే ఎన్నో ఏళ్లుగా హెచ్.264, హెచ్.265 ఫైళ్ల విషయంలో క్విక్ సింక్ మీదే ఆధారపడుతూ వచ్చింది. కొన్నేళ్ల కిందట మా బంధువుల స్టూడియోకు సిస్టమ్ పెట్టించినప్పుడు నేనే ఈ ‘ఎఫ్’ పొరపాటు చేసి, మిగిలిందనుకున్న కొద్దిపాటి సొమ్ముకు ఏడాది పాటు మాట పడ్డాను. కాబట్టి మొదటి పెద్ద మార్పు ఇది: బిల్లులో ఐ5-12400 అని మాత్రమే ఉండాలి, వెనక ‘ఎఫ్’ ఉండకూడదు. సొమ్ము వెసులుబాటు ఉంటే ఐ5-13400 గాని 14400 గాని తీసుకోవచ్చు. వాటికి పది కోర్లు ఉంటాయి, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) అదే. అవసరమైతే రేపు కూడా అదే బోర్డులో మార్చుకోవచ్చు కనుక ఇవాళ దానికోసం అప్పు చేయకండి.

ఈ ధరలో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600ను ఎందుకు చెప్పలేదని మీ తమ్ముడు అడుగుతాడు. ఆటల వరకు అది చక్కటి ప్రాసెసర్; ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, దానికి సరిపోయే పాత ఏఎం4 బోర్డులు చవక. అతను ఒక్కడే వాడుకునే సిస్టమ్ అయితే నేను అదే చెప్పేవాణ్ని. దానికి సొంత గ్రాఫిక్స్ లేవు, ఏఎండీలో క్విక్ సింక్ ఉండదు. మీ ఫైళ్ల దగ్గర అది నిలబడదు.

రెండో పెద్ద మార్పు గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 2022 జనవరిలో వచ్చింది. వాలరెంట్ లాంటి ఆటలకు సరిపోతుంది గాని, దానిలో వీడియోను ఎన్‌కోడ్ చేసే, అంటే పూర్తయిన వీడియోను కుదించి ఫైలుగా రాసే హార్డ్‌వేరును కంపెనీ పెట్టనే లేదు. దాని తమ్ముడైన ఆర్‌ఎక్స్ 6400లోనూ లేదు. ఎడిటింగ్ సిస్టమ్‌కు ఎక్స్‌పోర్ట్‌లో చేయి వేయని కార్డు అమ్మడం, నాగలి కొనేవాడికి కర్రు లేకుండా అమ్మడం లాంటిది. పైగా 4 జీబీ మెమరీ 4కె టైమ్‌లైన్ మీద రెండు మూడు ఎఫెక్టులు వేసేసరికి నిండిపోతుంది. మీరు చూడాల్సింది కనీసం 8 జీబీ ఉన్న ఎన్విడియా కార్డు. కొత్తవాటిలో ఆర్‌టీఎక్స్ 5050 మీ బడ్జెట్‌కు దగ్గరగా ఉంటుంది. 130 వాట్ల కార్డు, 8 జీబీ మెమరీ, 50 శ్రేణి కనుక 4:2:2 ఫైళ్లను విప్పే శక్తి కూడా ఉంది. హెచ్.264, హెచ్.265 రెండింటికీ అది వర్తిస్తుంది. అయితే మీరు వాడే సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా దాన్ని గుర్తించాలి కనుక, ఈ కార్డు కొన్నారని ‘ఎఫ్’ ప్రాసెసర్‌కు వెనక్కి వెళ్లకండి.

సొమ్ము చాలకపోతే ఆర్‌టీఎక్స్ 3050 తీసుకోమంటారు. అక్కడ మళ్లీ సగం పేరు గొడవ ఉంది. 2022లో వచ్చిన అసలు 3050కి 8 జీబీ మెమరీ, 2,560 కోర్లు ఉన్నాయి. 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ రకానికి 2,304 కోర్లే ఉన్నాయి, మెమరీ దారి కూడా సన్నబడింది. 70 వాట్లతో, విడిగా కరెంటు వైరు అవసరం లేకుండా నడుస్తుంది. రెండూ 3050లే, కాని ఒకటి కాదు. ఆర్‌టీఎక్స్ 3060 సంగతీ అంతే: 12 జీబీ రకం మంచిది, తరువాత వచ్చిన 8 జీబీ రకం దారి తగ్గించిన కార్డు. సెకండ్‌హ్యాండ్‌లో 3060 12 జీబీ దొరికితే మీ పనికి మెమరీ పరంగా బాగా ఉపకరిస్తుంది. కాని 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే క్రిప్టో నాణెం కోసం కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు చాలా బజారుకు వచ్చాయి. కార్డును మీ కళ్లెదుట అరగంట పూర్తి భారంతో నడిపించకుండా, వారంటీ ఎంత మిగిలిందో సీరియల్ నంబరుతో చూడకుండా సొమ్ము చేతిలో పెట్టకండి. సంపాదన కోసం కొనే యంత్రం కనుక నేనైతే కొత్తదానికే మొగ్గుతాను.

తమ్ముడి ఆటల గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. వాలరెంట్ చాలా తేలికైన ఆట. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో. మీ ఎడిటింగ్‌కు సరిపోయే కార్డు ఏదైనా 1080పీ మానిటర్ మీద ఆ రెండింటినీ నిండుగా నడిపిస్తుంది. ఈ ఇంట్లో ఇద్దరి అవసరాలు తగవు పడే చోటు ఒక్క ప్రాసెసర్ వెనక అక్షరం దగ్గరే. అక్కడ అన్నగారి మాటే నెగ్గాలి.

చిన్న మార్పులలో మొదటిది బోర్డు, ర్యామ్. హెచ్610 బోర్డు మీద సాధారణంగా ర్యామ్‌కు రెండు స్లాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటే ఉంటాయి. మీరు ఇవాళ 16 జీబీతో మొదలుపెట్టినా ఏడాదిలో 32 జీబీ కావాలంటారు. కనుక నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎన్‌వీఎంఈ స్లాట్లు ఉన్న బీ760 బోర్డు అడగండి. ఈ సాకెట్ బోర్డులలో డీడీఆర్4వీ, డీడీఆర్5వీ వేరువేరుగా వస్తాయి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో దిగదు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కనుక, ఆ రోజు ఏది చవకగా ఉంటే ఆ రకం బోర్డే తీసుకోండి; మీ పనిలో వాటి మధ్య తేడా మీకు పెద్దగా తెలియదు. ఒకే స్టిక్‌గా 16 జీబీ పెడితే ప్రాసెసర్‌కు ర్యామ్ ఒక దారిలోనే అందుతుంది. రెండు 8 జీబీ స్టిక్కులు పెడితే రెండు దారులు తెరుచుకుంటాయి. సొంత గ్రాఫిక్స్‌కు విడి మెమరీ ఉండదు, అది కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి మీకు ఆ తేడా మామూలు వాళ్లకంటే ఎక్కువ. షాపులో సిస్టమ్ పెట్టాక బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులలో) ర్యామ్‌ను పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీని ఆన్ చేయించండి. లేకపోతే మీరు సొమ్ము పెట్టి కొన్న వేగం కంటే తక్కువలో ర్యామ్ నడుస్తూ ఉండవచ్చు.

రెండో చిన్న మార్పు ఎస్‌ఎస్‌డీ. ఇక్కడ లెక్క వేసి చూద్దాం. కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రాస్తే గంట వీడియో 45 జీబీ అవుతుంది. 200 మెగాబిట్లయితే 90 జీబీ. రెండు కెమెరాలతో ఐదేసి గంటలు తీసిన పెళ్లి, తక్కువ వేగంలోనే 450 జీబీ. మీ కొటేషన్‌లోని 500 జీబీ డ్రైవులో విండోస్, ఎడియస్, తమ్ముడి జీటీఏ పోగా ఒక్క పెళ్లి కూడా పట్టదు. 1 టీబీ ఎన్‌వీఎంఈ అయినా ఉండాలి, రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోవాలి. సెకనుకు 7,000 ఎంబీల వేగం అని ప్రకటించే నాలుగో తరం డ్రైవు మీకు అవసరం లేదు, 3,500 ఎంబీల మూడో తరందైనా చాలు. మీరు అడగాల్సింది వేగం కాదు, దానిలోని మెమరీ చిప్పులు టీఎల్‌సీ రకమా క్యూఎల్‌సీ రకమా అని. క్యూఎల్‌సీ డ్రైవులు మొదటి కొన్ని జీబీలు చకచకా రాసి, లోపలి కాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండగానే పాత హార్డ్ డిస్క్ స్థాయికి నీరుగారిపోతాయి. కెమెరా కార్డు మొత్తాన్ని ఒకేసారి దించుకునే మీలాంటివారికే ఆ దెబ్బ తగులుతుంది. పూర్తయిన పనులు దాచడానికి మాత్రం ఒక పెద్ద హార్డ్ డిస్క్ చాలు. డెలివరీ ఇచ్చేదాకా ప్రతి పెళ్లీ రెండు వేరువేరు డిస్కులలో ఉండాలి. జీలకర్ర-బెల్లం పెట్టే ఘట్టాన్ని మళ్లీ తీస్తామని ఎవరినీ పీటల మీద కూర్చోబెట్టలేం.

ఎస్‌ఎంపీఎస్ గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాట కూడా అడగలేదు. ఎవరూ అడగరు. అందుకే క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే లోకల్ ఎస్‌ఎంపీఎస్‌లు ఇంకా బతికి ఉన్నాయి. నాలుగు రంగుల ఫ్యాన్లు, ముందు గాజు పలక, లోపల మాత్రం 450 వాట్లని స్టిక్కరు అంటించిన తేలికపాటి డబ్బా; పైన పటారం లోన లొటారం అనే మాట దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే బరువే చెబుతుంది. ఐ5-12400 పూర్తి వేగంలో 117 వాట్ల వరకు, ఆర్‌టీఎక్స్ 5050 కార్డు 130 వాట్ల వరకు తీసుకుంటాయి; మిగతా అన్నీ కలిపినా 300 వాట్ల దగ్గరే ఉంటాం. కాబట్టి కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తింపు ఉన్న, పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీకు సరిపోయి, రేపు కార్డు మార్చుకున్నా పనికొస్తుంది. దానికి కనీసం మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఉండాలి. క్యాబినెట్‌కు ముందు గాజు కాదు, జాలీ ఉండాలి. శీతలీకరణ అంతా గది గాలితోనే జరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో కూర్చున్న సిస్టమ్ కంటే మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో ఉన్న సిస్టమ్ లోపలి వేడి దాదాపు అన్ని డిగ్రీలూ ఎక్కువ ఉంటుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలు. మూడు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టించేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. గాలికి అవి గిర్రున తిరిగితే బేరింగులు పాడవుతాయి.

ఎర్తింగ్ సంగతి కూడా చూసుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే జివ్వుమనే ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. అది కంప్యూటర్ లోపం కాదు, గోడ సాకెట్‌లో మూడో పిన్నుకు ఎర్త్ లేకపోవడం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క పాయింటుకైనా సరైన ఎర్త్ వేయించాకే కొత్త సిస్టమ్ ఇంటికి తేండి. యూపీఎస్ విషయంలో, బజారులో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. మానిటర్‌తో కలిపి రెండర్ మధ్యలో కరెంటు పోతే అది అంచుల మీద ఉంటుంది. 1000 వీఏ తీసుకుంటే ఫైలు సేవ్ చేసి నెమ్మదిగా ఆపేసే వ్యవధి దొరుకుతుంది. ఇది 80 వేలలో పట్టకపోతే క్యాబినెట్ రంగుల్లో కోత పెట్టండి గాని దీన్ని వాయిదా వేయకండి.

మానిటర్ 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని తెర), 1080పీ, ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిలో 99 శాతం చూపేది చాలు. తమ్ముడి సంతోషం కోసం 100 హెర్ట్జ్‌దో, అంతకు మించినదో చూడండి. 4కె వీడియోను ఎడిట్ చేయడానికి 4కె మానిటర్ ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు.

సొమ్ము పంపకం గురించి అడిగారు. ధరలు వారానికోసారి మారుతున్న ఈ రోజుల్లో నేను రూపాయలు రాస్తే ఈ సమాధానం మీకు చేరేలోపే తప్పవుతుంది కనుక వాటాలు చెబుతాను. కార్డుకు నూటికి ముప్పై, ప్రాసెసర్ బోర్డు కలిపి ఇరవై ఎనిమిది, ర్యామ్ ఎస్‌ఎస్‌డీ కలిపి ఇరవై రెండు, ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌కు పది, మానిటర్‌కు పది. స్టూడియో నుంచి పాత మానిటర్ ఏదైనా తెచ్చుకోగలిగితే ఆ పది యూపీఎస్‌కు వెళుతుంది. ఎక్కడైనా తగ్గించక తప్పదంటే ముందు కార్డును 3050 8 జీబీకి తగ్గించండి. ప్రాసెసర్‌ను, ఎస్‌ఎంపీఎస్‌ను ముట్టుకోకండి. కార్డును రెండేళ్లకు అమ్మి మార్చుకోవడం సులువు.

సాఫ్ట్‌వేర్‌కు కూడా కొంత పక్కన పెట్టుకోండి. క్రాక్ చేసిన ప్రీమియర్, ఎడియస్‌లతో వచ్చే వైరస్‌లు ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగిన సందర్భాలు తక్కువేమీ కాదు; మీ దగ్గర ఉండేవి ఇతరుల పెళ్లిళ్లు. సొంత పని కుదురుకునేదాకా ఖర్చు తగ్గించుకోవాలంటే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత సంచికను నేర్చుకోండి. అల్ట్రా హెచ్‌డీ వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. అయితే హార్డ్‌వేర్ సాయంతో ఫైళ్లను విప్పే సదుపాయాలలో కొన్ని సొమ్ము కట్టే స్టూడియో సంచికకే పరిమితం. అలాంటప్పుడు ప్రాక్సీలు (అసలు ఫైళ్లకు తేలికైన నకళ్లు) చేసుకుని నడిపించాలి. బంధువులు ఫోన్లలో తీసి పంపిన క్లిప్పులను కలిపేటప్పుడు మాట ఒకచోట, పెదవి ఒకచోట అవుతుంటే సిస్టమ్‌ను తిట్టకండి. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మధ్యలో మారుస్తూ తీస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని స్థిరమైన వేగానికి మార్చుకున్నాకే టైమ్‌లైన్ మీదికి తెండి.

ఎక్కడ కొనాలంటే, మీకు దగ్గర విజయవాడ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే షాపులు పక్కపక్కనే ఉంటాయి కనుక ధరలు పోల్చుకోవడం తేలిక. కాని రేపు బోర్డు చెడితే మళ్లీ అంత దూరం పోవాలి. తేడా రెండు మూడు వేల లోపైతే దగ్గరి షాపే మేలు. జీఎస్‌టీ ఎగ్గొట్టి బిల్లు లేకుండా ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆ 18 శాతం మిగిలినట్టే ఉంటుంది గాని, వారంటీ అడిగే రోజున చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు. ప్రతి భాగానికీ పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి, పెట్టెలన్నీ మీ ఎదుటే విప్పాలి.

షాపుకు వెళ్లేటప్పుడు మీ కెమెరాలో తీసిన అసలు క్లిప్పు ఒకటి, పది నిమిషాలది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. సిస్టమ్ బిగించాక బయోస్‌లో సొంత గ్రాఫిక్స్‌ను ఆన్ చేయమనండి. విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు దాన్ని వాటంతట అవే ఆపేస్తాయి, ఆ సంగతి తెలియక ‘ఎఫ్’ లేని ప్రాసెసర్ కొని కూడా ‘ఎఫ్’ ఉన్నట్టే వాడుకుంటున్నవాళ్లు ఉన్నారు. మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా కార్డుకు పెట్టించండి. తరువాత మీ క్లిప్పును సాఫ్ట్‌వేర్‌లో ప్లే చేసి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. అక్కడ రెండు జీపీయూలు కనిపించాలి. హెచ్‌ఎస్ ఫైలు నడుస్తున్నప్పుడు ఇంటెల్ జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ గీత పైకి లేవాలి, ప్రాసెసర్ నెమ్మదిగా ఉండాలి. కొత్త కార్డే ఆ పని ఎత్తుకుని దాని గీత లేచినా ఇబ్బంది లేదు. ఏ గీతా లేవకుండా ప్రాసెసర్ ఒక్కటే నూటికి నూరు కొడుతుంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట, అక్కడే సరిచేయించుకుని మిగతా సొమ్ము ఇవ్వండి.